ఆర్థర్ పేరు జాన్ ఎందుకెత్తలేదు?

సినిమా వాళ్ల భాషలో 'కంటిన్యుటీ' అంటే ఏమిటో మన పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. గుమ్మం బయట చేతికి వాచీ వున్న హీరో గుమ్మం దాటి లోపలికొచ్చేసరికి వాచీ మాయమైతే హాల్లో ఎవడో ఒకడు ఈల వేస్తాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో మొదలైన ఫైటు మబ్బు కింద ముగిస్తే మర్నాడు కాలేజీ క్యాంటీన్లో అదే కబురు. ఇవన్నీ పది పదిహేను రోజుల తేడాతో తీసిన షాట్ల మధ్య వచ్చే తంటాలు. మరి ఎనిమిదేళ్ల తేడాతో వచ్చిన రెండు కథలుండి, వాటిలో వెనక వచ్చింది ముందు జరిగిన కథ అయితే? అప్పుడు మాయమయ్యేది వాచీ కాదు, ఏకంగా మనుషులే!

ఈ వారం నేను రాయబోయేది అలాంటి గొడవ గురించే. ఇది సినిమా కాదు, వీడియో గేము. అయినా సినిమాకి తమ్ముడి వరసే. గుర్రాలు, రివాల్వర్లు, ఎర్రటి ఎడారి, టోపీ కింద సగం దాగిన కళ్లు... 1971లో కృష్ణ 'మోసగాళ్లకు మోసగాడు'తో మన తెరమీదికి తెచ్చిన కౌబాయ్ సరంజామా అంతా ఇందులో వుంది. పేరు 'రెడ్ డెడ్ రిడెంప్షన్'. రాక్‌స్టార్ గేమ్స్ వారు 2010 మే నెలలో మొదటిది విడుదల చేశారు, 2018 అక్టోబరులో రెండోది. రెండోది అన్నానే గానీ కథ ప్రకారం అదే మొదటిది. 2010లో వచ్చిన ఆట 1911లో జరుగుతుంది. 2018లో వచ్చిన ఆట 1899లో మొదలవుతుంది. ఇలా తర్వాత వచ్చిన ముందు కథనే ప్రీక్వెల్ అంటున్నారు.

(ఇంకా ఆడని వాళ్లకి ఒక మాట. రెండు కథల క్లైమాక్సులూ ఇక్కడ చెప్పేయబోతున్నాను. వద్దనుకుంటే పేజీ తిప్పేయండి, ఏమీ అనుకోను.)

ఈ విషయంలో మా ఇంట్లో రెండు పార్టీలున్నాయి. నేను పాత ఆట ముందు ఆడినవాణ్ణి. మా మేనల్లుడు కొత్త ఆటతో మొదలెట్టి, అది అయ్యాక పాతదానికి వెళ్లినవాడు. ఎవరు ఏది ముందు ఆడారన్నదాన్నిబట్టి గొడవ రూపమే మారిపోతుంది. అందుకే ముందుగా రెండు కథలూ టూకీగా చెప్పేస్తాను.

మొదటి ఆటలో హీరో జాన్ మార్‌స్టన్. ఒకప్పుడు డచ్ వాన్ డర్ లిండ్ అనే నాయకుడి ముఠాలో దోపిడీలు చేసినవాడు. ఆ బతుకు వదిలేసి, భార్య అబిగేల్, కొడుకు జాక్‌తో పొలం, పశువులు చూసుకుంటున్నాడు. అప్పుడు ఎడ్గర్ రాస్ అనే ప్రభుత్వ ఏజెంటు దిగుతాడు. భార్యనీ కొడుకునీ గుప్పిట్లో పెట్టుకుని, పాత ముఠావాళ్లని పట్టిస్తేనే వదులుతానంటాడు. బిల్ విలియమ్‌సన్, హావియెర్, చివరికి సాక్షాత్తూ డచ్... ఒక్కొక్కరి లెక్కా తేలుతుంది. జాన్ ఇంటికొస్తాడు. హమ్మయ్య అనుకుంటాం. కొన్నాళ్లు ఆవుల్ని తోలడం, కొడుకుని వేటకి తీసుకెళ్లడం, అంతే. ఆ తర్వాత ఒకరోజు సైన్యం వచ్చి ఇల్లు చుట్టుముడుతుంది. భార్యాబిడ్డల్ని గుర్రమెక్కించి పంపేసి, జాన్ కొట్టం తలుపు సందులోంచి చూస్తాడు. బయట రాస్, అతని పక్కన తుపాకులు ఎక్కుపెట్టిన వరస. జాన్ తలుపు తోసుకుని బయటికొస్తాడు. ఆట మన చేతికి కొన్ని క్షణాలిస్తుంది. ఎంత గురిచూసి కాల్చినా అందరూ పడరు. జాన్ పడతాడు.

2010లో ఆ తలుపు దగ్గర ఆగిపోయినవాళ్లు చాలామంది వున్నారు. ప్రభుత్వం చెప్పిన పని పూర్తి చేశాడు, మాట తప్పలేదు. మాట తప్పింది ప్రభుత్వం. ఆ మంట గుండెల్లో వుండిపోయింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక 2018 ఆట. ఇందులో మనం ఆడించే మనిషి జాన్ కాదు. ఆర్థర్ మోర్గన్ అని, డచ్ ముఠాలో పెద్ద కొడుకులాంటివాడు. బ్లాక్‌వాటర్ పట్టణంలో పడవ దోపిడీ బెడిసికొట్టి, ముఠా మంచుకొండల్లోకి పారిపోవడంతో కథ మొదలు. ఇరవై మంది పైచిలుకు ఆడామగా, ఒక చిన్నపిల్లవాడు. ఆ పిల్లవాడే జాక్, అప్పటికి నాలుగేళ్లు. జాన్ ఇందులో రెండో వరస మనిషి, అదీ ఆర్థర్‌కి పెద్దగా పడని మనిషి. జాక్ పుట్టాక పెళ్లాంబిడ్డల్ని వదిలేసి ఏడాదిపాటు ఎటో పోయొచ్చాడని ఆర్థర్‌కి కడుపుమంట. అలాంటి ఆర్థర్‌కి క్షయ పట్టుకుంటుంది. అప్పు వసూలు కోసం ఒక జబ్బుమనిషిని కొట్టినందుకు వచ్చిన క్షయ. (దగ్గుతూ కుంగిపోయే హీరో మన పాత సినిమాలు చూసినవాళ్లకి కొత్తేమీ కాదు గాని, ఇతని దగ్గు మాత్రం వెంటాడుతుంది.) తనకిక రోజులు దగ్గరపడ్డాయని తెలిశాక ఆర్థర్ ఒక్క పని పెట్టుకుంటాడు. జాన్‌నీ, అతని పెళ్లాంబిడ్డల్నీ ఈ ముఠాలోంచి బయటపడెయ్యాలి. చివర్లో కొండ మీద, వెనక తరుముతున్న మనుషులుండగా, తన టోపీ తీసి జాన్ తలమీద పెట్టి, సంచీ అప్పజెప్పి పంపేస్తాడు. ఆ తర్వాత చచ్చిపోతాడు.

ఇప్పుడు మా మేనల్లుడి అవస్థ ఊహించుకోండి. డెబ్బై గంటలు ఆర్థర్‌గా బతికాడు. వాడి గుర్రానికి పేరు పెట్టాడు, వాడి గడ్డం గీశాడు. ఆర్థర్ పోయిన రోజు అన్నం సరిగా తినలేదని మా అక్క ఫోను. నాలుగు రోజులు పోయాక ఓదార్పు కోసం పాత ఆట తెరిచాడు. జాన్ రైలెక్కుతున్నాడు, దిగుతున్నాడు, గుర్రమెక్కుతున్నాడు, ఎవరెవరితోనో మాట్లాడుతున్నాడు. మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆర్థర్ అన్న పేరు నోటంట రాలేదు!

"మావయ్యా, వీడు మనిషేనా? టోపీ పెట్టి ప్రాణం పోసినవాణ్ణి పన్నెండేళ్లలో మర్చిపోతాడా?"

"ఒరేయ్, ఆ మాటలు రాసేనాటికి ఆర్థర్ పుట్టలేదురా" అన్నాను. వాడికది జవాబు కాదు. నిజానికి నాకూ కాదు. 2010లో రాసినవాళ్ల బుర్రలో ఆర్థర్ లేడన్నది అందరికీ తెలిసిన సంగతే. ఒక కథ నమ్మి లోపలికి వెళ్లాక కారణం లోపలే దొరకాలి. లేదంటే వాచీ మాయమైనట్టే లెక్క.

లెక్క తేలని పద్దులు

ఆర్థర్ సంగతి కాసేపు పక్కన పెడదాం. చిల్లర పద్దులు చాలా వున్నాయి.

బ్లాక్‌వాటర్ తీసుకోండి. 1899లో ముఠా అక్కడ చేసిన రక్తపాతం గురించి కొత్త ఆటలో అడుగడుగునా మాటలే. 1911లో అదే వూళ్లో జాన్ దర్జాగా తిరుగుతాడు, ఒక్కడు ఆ మాటెత్తడు. పైగా జాన్ 1907లో ఇల్లు కట్టుకున్నది ఎక్కడనుకున్నారు? బ్లాక్‌వాటర్ పక్కనే! దొంగతనం చేసి పోలీసుస్టేషను ఎదురుగా అద్దెకి దిగినట్టుంది. అంతకుముందు మారుపేరు పెట్టుకోవాల్సి వస్తే 'జిమ్ మిల్టన్' అని పెట్టుకుంటాడు. మిల్టన్ అంటే 1899లో వీళ్లని వెంటాడిన ఏజెంటు పేరు. జాన్‌కి తెలివితేటలు ఎక్కువని ఎవరూ అనలేదులెండి.

తర్వాత డబ్బు. కొత్త ఆట చివర్లో పాత దోపిడీ సొమ్ము జాన్‌కి దొరుకుతుంది. మన ఖాతాలో ఏకంగా 20,000 డాలర్లు పడతాయి. బ్యాంకు అప్పు తీర్చేసి, అబిగేల్‌ని పెళ్లాడతాడు. బాగుంది. మరి నాలుగేళ్లలో ఆ సొమ్మంతా ఏమైంది? 1911లో చూస్తే జేబులో చిల్లర డాలర్లు. ఇంటికొచ్చాక పశువుల కోసం బానీ మెక్‌ఫార్లేన్ దగ్గరికి పరిగెత్తాలి.

కూతురి సంగతి ఇంకోటి. పాత ఆటలో జాన్ తమకి ఒక కూతురుండేదని, చనిపోయిందని చెబుతాడు. కొత్త ఆటలో 1899లోనూ 1907లోనూ ఆ పాప జాడ లేదు. 1907 తర్వాత పుట్టి పోయిందనుకుంటే తారీఖులు సరిపోతాయి. కాని అది మనం చేసిన సర్దుబాటు, ఆట చెప్పింది కాదు.

హావియెర్‌ది నాకు ఎక్కువ బాధ. కొత్త ఆటలో చలిమంట పక్కన గిటారు వాయించే పెద్దమనిషి, మెక్సికోలో దొరతనాన్ని ఎదిరించి దేశం విడిచి వచ్చినవాడు. పాత ఆటలో అతను దొరికేది ఎక్కడ? మెక్సికో సైన్యం కోటలో! అదీ కాళ్లబేరానికొచ్చే పిరికివాడుగా. పన్నెండేళ్లలో మనిషి చెడిపోవచ్చు, కాదనను. డచ్‌ని నమ్ముకున్నవాడు ఎంతకైనా దిగజారొచ్చు. కాని ఆ దిగజారడం మనకి చూపించలేదే. మొదటి రీల్లోనూ ఆఖరి రీల్లోనూ ఒకే వేషం వేసి, మధ్య రీళ్లు పోగొట్టినట్టుంది.

ఈత గొడవ మాత్రం నవ్వుకోవాల్సినది. పాత ఆటలో జాన్ లోతు నీళ్లలో దిగితే అంతే సంగతులు. కొత్త ఆటలో ఆర్థర్ ఈదుతాడు గాని, జాన్ మన చేతికొచ్చాక మళ్లీ మునిగిపోతాడు. అంటే పాత ఆటలోని లోపాన్ని మనిషి లక్షణంగా మార్చేశారు. ఇలాంటి చమత్కారం చేసినప్పుడు టోపీ తీసి నమస్కారం పెట్టాలనిపిస్తుంది.

టోపీ అంటే గుర్తొచ్చింది. 1907లో జాన్ తలమీద ఆర్థర్ టోపీ వుంటుంది, 1911లో వుండదు. ఈ ఒక్క ముక్క మీద మా మేనల్లుడు గంటసేపు ఉపన్యాసమివ్వగలడు.

టోపీ విషయంలో సెర్జియో లియోనీ గడుసువాడు. 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్' (1964), 'ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్' (1965) అయ్యాక 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' (1966) తీశాడు. మూడోది అమెరికా అంతర్యుద్ధం నాటి కథ. చివరికొచ్చేసరికి క్లింట్ ఈస్ట్‌వుడ్ ఆ ప్రసిద్ధమైన పాంచో దుప్పటి భుజాన వేసుకుంటాడు. ఆ దుప్పటి చూసే అది ముందు కథ అని జనం తేల్చుకున్నారు. ఆ ఈస్ట్‌వుడ్‌కి పేరు లేదు, చుట్టాలు లేరు, ఫలానావాణ్ణి మర్చిపోయావేమని అడిగే నాథుడు లేడు. ఒక్క గుడ్డముక్కతో మూడు సినిమాలూ కుట్టేశాడు! మన వైపు చూస్తే 'బాహుబలి' రెండు భాగాలూ ముందే అనుకుని తీసినవి కాబట్టి కట్టప్ప కత్తి ఎక్కడ మొదలై ఎక్కడ దిగాలో లెక్క ముందే వుంది. 'కాంతారా' (2022)కి ముందు కథగా వచ్చిన 'కాంతారా చాప్టర్ 1' (2025) కొన్ని వందల ఏళ్లు వెనక్కి పోయింది, పాత పాత్రలతో పేచీయే లేదు. రాక్‌స్టార్ వారు ఎంచుకున్నది అన్నిటికన్నా ఇరుకైన సందు. పన్నెండేళ్లే ఎడం, అవే మనుషులు, అవే గొంతులు. జాన్‌కి రాబ్ వీట్‌హాఫ్, డచ్‌కి బెంజమిన్ బైరన్ డేవిస్, రెండు ఆటల్లోనూ వాళ్లే. గొంతు అదే కాబట్టి ఆ గొంతు పలకని పేరు మరీ చెవికి తగులుతుంది.

టిక్కెట్లు కొని పంపేశారు

రాసినవాళ్లకి ఈ చిక్కు తెలియదనుకోకండి. ఎంత జాగ్రత్తపడ్డారో చూస్తే ముచ్చటేస్తుంది. శేడీ ఆడ్లర్ అని ఒక వీరనారి వుంది, 1907లో జాన్‌కి కుడిభుజం. 1911లో ఆమె ఎందుకు లేదు? దక్షిణ అమెరికా పోతానంటుంది. చార్లెస్ స్మిత్? కెనడా పోతానంటాడు. పెళ్లయిన మర్నాడు చుట్టాలందర్నీ బస్సెక్కించినట్టు, పాత ఆటలో లేనివాళ్లందరికీ టిక్కెట్లు కొని పంపేశారు. డచ్ తర్వాత అంతటివాడు హోజియా 1899లోనే పోయాడు. అతని పేరూ పాత ఆటలో లేదు, కాని దాని గురించి అంత గొడవ లేదు. ఎందుకంటే హోజియాగా మనం బతకలేదు!

జాన్ మొహం మీది గాట్లు పాత ఆటలో వూరికే వుంటాయి. కొత్తదాంట్లో తోడేళ్లు పీకిన గాట్లని చూపించారు. దోపిడీలో దెబ్బతిన్న తనని ముఠా చావమని వదిలేసిందని పాత ఆటలో జాన్ చెబుతాడు. కొత్తదాంట్లో ఆ రైలు దోపిడీ కళ్లారా చూస్తాం. జాన్ పోయాడని డచ్ వచ్చి చెబుతుంటే ఆ అబద్ధం మన చెవులతో వింటాం. ఇలాంటివి అతికినప్పుడు వుండే ఆనందం వేరు.

ఇక ఆర్థర్ పేరు. నా వాదన ఇది. 1911లో జాన్ ఎవరితో మాట్లాడుతున్నాడు? బానీతో, బుడ్డి మందులమ్మే మోసగాడితో, సమాధులు తవ్వే పిచ్చివాడితో, తాగుబోతుతో, రాస్‌తో. వీళ్లలో ఆర్థర్ కథ వినదగ్గ మనిషెవరు? రాస్ ముందు ఆ పేరెత్తితే ఏజెంటు ఫైల్లో ఒక గీత పడుతుంది తప్ప లాభమేముంది? మనకి బాగా కావలసినవాళ్లు పోతే దారినపోయే వాళ్లకి చెబుతామా? తనవాళ్లయిన శేడీతో, చార్లెస్‌తో 1907లో ఆర్థర్ గురించి మాట్లాడాడు. ఆర్థర్ రాసుకున్న పుస్తకంలోనే, మిగిలిన పేజీల్లో తన రాత రాసుకున్నాడు. అలాంటివాడు మర్చిపోయాడనడం అన్యాయం.

ఇంకో సంగతి. ఆర్థర్ ఎలా చచ్చిపోయాడు? ఇది సినిమా అయితే ఒకే జవాబు. ఇక్కడ ఆడినవాడి చేతిలో వుంది. మంచిగా ఆడితే సూర్యోదయం చూస్తూ పోతాడు. చెడ్డగా ఆడితే మైకా బెల్ అనే ద్రోహి చేతిలో పోతాడు. జాన్‌ని పంపేసి డబ్బు కోసం వెనక్కి వెళ్లే దారి కూడా వుంది. నీ ఆర్థర్ వేరు, నా ఆర్థర్ వేరు. 1911 జాన్ ఎవరి ఆర్థర్‌ని తలుచుకోవాలి? నోరు మూసుకుంటేనే అందరి ఆర్థర్లకీ సరిపోతుంది.

మేనల్లుడు ఊరుకుంటాడా! "సరే మావయ్యా, బయటివాళ్లతో అనలేదు. ఆఖర్న ఇంటికొచ్చాడుగా? అబిగేల్ వుంది, అంకుల్ వున్నాడు. అంకుల్ ఆ ముఠాలో మనిషే. ముగ్గురూ పాత రోజుల సంగతులు చెప్పుకుంటారు. అక్కడ కూడా రాదేం?"

ఇది గట్టి దెబ్బ. దీనికి నా దగ్గరున్న జవాబు కొంత కష్టపడి దొరికింది. ఆ ఇంట్లో ఆర్థర్ పేరంటే కృతజ్ఞత ఒక్కటే కాదు, ఒక పాత పోట్లాట కూడా. తుపాకీ వదలవా అని అబిగేల్ ఒకసారి పిల్లవాణ్ణి తీసుకుని వెళ్లిపోయింది. ఇల్లు కట్టాక తిరిగొచ్చింది. తీరా కుదుటపడుతున్నాం అనుకునేసరికి, మైకా ఆచూకీ తెలిసిందని శేడీ వచ్చింది. అబిగేల్ వద్దని బతిమాలింది. అయినా జాన్ వెళ్లాడు, ఆర్థర్ పగ తీర్చడానికి. ఆ రోజు తర్వాత ఆ ఇంట్లో ఆ పేరు ఎవరెత్తినా ఆ గుమ్మం దగ్గర జరిగిన మాటలే గుర్తొస్తాయి. పైగా జాక్ ఎదుగుతున్నాడు, పుస్తకాల్లో తుపాకీ వీరుల కథలు చదువుకునే కుర్రాడు. అలాంటివాడి ముందు జాన్ అన్నిటికన్నా పెద్ద తుపాకీ కథ చెబుతాడా?

"ఇదంతా నువ్వల్లావు" అన్నాడు మేనల్లుడు. అల్లానే. నేనల్లకపోతే ఇంకొకడు అల్లుతాడు. పురాణ సినిమాలు చూసి పెరిగినవాళ్లం, ఆ మాత్రం అల్లడం రాదా! 'మాయాబజార్'లో శశిరేఖ వ్యాస భారతంలో లేదు కదా అని ఎవరైనా హాల్లోంచి లేచి వెళ్లారా?

అతికినచోట

అసలు గొడవ ఇక్కడుంది. పైన చెప్పిన పద్దులన్నీ అతకనివి. అతకలేదు కాబట్టి కనిపించాయి, కనిపించాయి కాబట్టి ఈల వేశాం. అన్నిటికన్నా పెద్ద మార్పు మాత్రం అతుకు కనపడకుండా చేశారు. దానిమీద మా మేనల్లుడే కాదు, ఎక్కువమంది నోరెత్తరు.

1907లో జాన్, శేడీ, చార్లెస్ మౌంట్ హేగన్ అనే మంచుకొండ ఎక్కుతారు. పైన మైకా వున్నాడు. గుడిసెలోంచి అనుకోకుండా డచ్ బయటికొస్తాడు. ముగ్గురూ తుపాకులు తీసి నిలబడి వుండగా డచ్ హఠాత్తుగా మైకాని కాలుస్తాడు. ఏమీ మాట్లాడకుండా మంచులోకి నడిచి వెళ్లిపోతాడు. సొమ్మంతా జాన్‌కి వదిలేసి! అద్భుతమైన సీను, కాదనను. కాని 1911లో జాన్‌కీ డచ్‌కీ మధ్య నడిచే మాటలన్నీ వినండి. ఆ కొండ లేదు, ఆ తూటా లేదు, మైకా లేడు. ఆర్థర్ పేరు రాకపోవడానికి నేను నాలుగు సాకులు చెప్పగలిగాను. దీనికి నాకు ఒక్క సాకూ దొరకలేదు. నాలుగేళ్ల కిందట తన పగవాణ్ణి తనకోసం కాల్చినవాణ్ణి వేటాడుతూ, ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తకపోవడమా? ఇక్కడ రీలు నిజంగానే తెగింది.

అది కూడా అసలు మార్పు కాదు. పేర్లు పడుతున్నప్పుడు చూడండి. జనం లేచి వెళ్లిపోయే టైములో, పాట నడుస్తుండగా, ఎడ్గర్ రాస్ తన మనిషితో కలిసి ఆ కొండ ఎక్కుతాడు. మంచులో మైకా శవం దొరుకుతుంది. అక్కణ్ణుంచి వాకబు చేసుకుంటూ, చేసుకుంటూ, చివరికి దూరంగా నిలబడి జాన్ కట్టుకున్న ఇంటివైపు చూస్తాడు.

పాత ఆట మొదలు ఎంత చక్కగా దొరికింది! నేనూ మొదటిసారి చప్పట్లు కొట్టాను. తర్వాత ఆలోచిస్తే, ఆ కొట్టం తలుపు గుర్తొచ్చింది. 2010లో అక్కడ పడిపోయిన మనిషి తప్పేమిటి? ఎప్పుడో కుర్రతనంలో దొంగతనాలు చేశాడు, వదిలేశాడు. పాత అమెరికాని ఊడ్చేస్తున్న ప్రభుత్వానికి ఇతనూ ఒక చెత్త. పని చేయించుకుని కాల్చేశారు. మన కోపమంతా రాస్ మీదే. 2018 తర్వాత అదే తలుపు దగ్గర నిలబడి చూస్తే, రాస్‌ని ఆ ఇంటికి దారి చూపించింది జాన్ పగ. వెనక్కి తిరక్కుండా పెళ్లాంబిడ్డల దగ్గరికి పొమ్మన్నాడు ఆర్థర్, దానికే ప్రాణమిచ్చాడు. జాన్ తిరిగి చూశాడు, అదీ ఆర్థర్ కోసమే. ఆ రుణం తీర్చబోయి, ఆ రుణం ఎందుకు ఏర్పడిందో దాన్నే పోగొట్టుకున్నాడు.

పాత ఆటలో ఒక్క అక్షరం మారలేదు. జాన్ అవే మాటలంటాడు, అదే తలుపు తోస్తాడు, అన్ని తూటాలే తగులుతాయి. చచ్చిపోయే కారణం మాత్రం మారిపోయింది. పేరు ఎత్తలేదని ఇంత గొడవ చేశాం గాని, ఒక మనిషి చావులో సగం పాపం తీసి అతని నెత్తినే పెట్టారు, అది మాత్రం నున్నగా అతికింది కాబట్టి ఎవరూ ఈల వేయలేదు!

నాకిది నచ్చిందా అంటే, కథగా నచ్చింది. 2010లో నేను మోసుకొచ్చిన కోపాన్ని మాత్రం ఎవరో అడక్కుండా తీసేసుకున్నట్టుంది. మేనల్లుడికి ఈ బాధ అర్థం కాదు. వాడు పాత ఆట మొదలెట్టేసరికే రాస్ ఎలా వచ్చాడో వాడికి తెలుసు. జాన్‌ని అమాయకుడిగా వాడు ఎప్పుడూ చూడలేదు. వాడికి దక్కినవి వేరే. 1899లో ఒక ఏటి ఒడ్డున ఆర్థర్ చేపలు పడుతుంటాడు, నాలుగేళ్ల జాక్ అమ్మ కోసం పూలు కోసి దండ కడుతుంటాడు. అప్పుడు ఇద్దరు ఏజెంట్లు వస్తారు, అందులో రాస్ ఒకడు. 1914లో పెద్దవాడైన జాక్ తండ్రిని చంపించినవాణ్ణి వెతుక్కుంటూ వెళితే, రాస్ దొరికేది మళ్లీ ఏటి ఒడ్డునే, బాతుల వేటలో. పాత ఆట ముందు ఆడిన నాకు ఆ ఏరు వూరికే ఒక ఏరు. వాడికి మాత్రం పాత ఆట ఆఖరి సీన్లో చేతిలో దండతో చిన్న జాక్ కూడా కనబడ్డాడట.

2023లో పాత ఆటని కొత్త యంత్రాలకి తెచ్చారు, 2024లో కంప్యూటరుకి తెచ్చారు. రెండుసార్లూ మా వాడు ఆశపడ్డాడు, ఆర్థర్ పేరు ఒక్కచోటైనా కలుపుతారేమోనని. ఒక్క డైలాగూ కలపలేదు. నా మట్టుకు నేను సంతోషించాను. 2010లో 'మాయాబజార్'కి రంగులేసి వదిలినప్పుడు కూడా రంగే వేశారు గాని, ఘటోత్కచుడి చేత కొత్త మాట పలికించలేదు కదా.

మేనల్లుడు ఒప్పుకోడు. ఒక్క డైలాగు చాలంటాడు. కొట్టంలో, తలుపు తొయ్యబోయే ముందు, ఒకే ఒక్కటి. సరే, అదేమిటో నువ్వే రాసివ్వరా, పత్రికలో వేయిస్తానన్నాను. మూడు వారాలైంది. రాస్తున్నాడు, కొట్టేస్తున్నాడు. అక్కడ ఏం పెట్టినా ఎక్కువైపోతోందట.